చిరునామా లేనివారి మనోవ్యాధి

మనోవ్యాధితో బాధపడువారికి టెలిఫోనుద్వారా సలహాయు, తెరమీద వైద్యుని దర్శనమును లభించు కాలము వచ్చినది. 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీని కేంద్రప్రభుత్వమువారు టెలీ మానస్ అను పేర ఒక యేర్పాటును ప్రారంభించిరి. బెంగుళూరునందలి నిమ్హాన్స్ సంస్థ దీనికి కేంద్రస్థానము. 14416 అను అయిదంకెలను నొక్కినవానికి పగలనక, రాత్రియనక, దమ్మిడీ ఖర్చులేకుండ, తెలుగుతోకూడ 20 భాషలలో శిక్షణపొందినవారు బదులు చెప్పుదురు. వ్యాధి ముదిరినదని తోచినచో పైమెట్టునందున్న వైద్యునకు అప్పగింతురు. ఇది మంచి పని. మంచి పనియని నిండు మనస్సుతో ఒప్పుకొనియే మేమొక ప్రశ్న వేయుచున్నాము. ఆ అయిదంకెలను నొక్కుటకు చేత ఫోనే లేనివాని గతి యేమి?

రైలుస్టేషను మెట్లపైనను, బస్సుస్టాండు అరుగులపైనను, వంతెనల క్రిందను, గుడి మండపములలోను రాత్రి గడపువారిని గూర్చి మేమీ ప్రశ్న వేయుచున్నాము. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఇట్టి నిరాశ్రయులు దేశమునందు 17 లక్షల 73 వేలమంది యని తేలినది. వీరిలో 9 లక్షల 38 వేలమంది పట్టణములలోనివారు. 2021లో జరుగవలసిన లెక్క వాయిదాపడినందున ఈ పాత అంకెలతోనే మనము తృప్తిపడవలసివచ్చినది. ఇక మనోవ్యాధుల లెక్క చూతము. 2015-16 సంవత్సరములలో నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ పరిశీలనవలన వయోజనులలో నూటికి 10.6 మంది ఏదో యొక మనోవ్యాధితో నున్నారనియు, వ్యాధినిబట్టి నూటికి 70 మొదలు 92 మందివరకు వైద్యము పొందకయే యున్నారనియు తెలియవచ్చినది. ఈ అంకెలు ఇంటింటికిని పోయి అడిగి తెలిసికొన్నవి. ఇల్లేలేనివాని తలుపు నెవరు తట్టగలరు? చుట్టుప్రక్కల నలుగురున్న సంసారులలోనే నూటికి ముప్పాతికమంది వైద్యమెరుగక యుండగా, చినుకు పడినచో తలదాచుకొను చోటులేనివాని సంగతి వేరుగ వర్ణింపనేల?

మతి చలించినందుననే యిల్లు విడిచినవారు కొందరు. ఇల్లు పోయినందుననే మతి చలించినవారు కొందరు. మొదటివారు ఒకానొక రాత్రి ఏదో రైలెక్కి, తమ భాష తెలియని ఊరిలో దిగి, ఎన్నో యేండ్లు పేరైన చెప్పుకొనలేక తిరుగుచుందురు. రెండవవారు పని పోయి, అద్దె కట్టలేక, బంధువులు మొగము చాటువేయగా వీధికెక్కి, నిద్రలేక, ఆకలితో, దెబ్బలతో, భయముతో మెల్లమెల్లగ బుద్ధి చెదరినవారు. వీధి వ్యాధిని పెంచును; వ్యాధి వీధిని విడువనీయదు. ఈ రెండింటికి నడుమ నలుగువానికి లోకము పెట్టిన పేరొక్కటే: "పిచ్చివాడు." ఆ మాట యనినతోడనే మన బాధ్యత తీరిపోయినట్లు మనము దారి పట్టి పోవుచున్నాము. జ్వరము వచ్చినవానిని చూచి ఇట్లు నవ్వి పోగలమా?

దినము న్యాయస్థానములలో గడపువారము గనుక చట్టము మాట ముందుగా చెప్పెదము. 2017వ సంవత్సరపు మానసికారోగ్య సంరక్షణ చట్టము 2018వ సంవత్సరము మే 29వ తేదీనుండి అమలులోనున్నది. ప్రభుత్వమువారి మానసిక వైద్యమును పొందుట ప్రతిమానవుని హక్కని దాని 18వ సెక్షను చెప్పుచున్నది. ఆ సెక్షనునందలి 7వ ఉపవిభాగము ఇంకొక అడుగు ముందునకు వేసి, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, చేత కార్డున్నను లేకున్నను, దిక్కులేనివారికి, ఇల్లులేనివారికి ప్రభుత్వ వైద్యశాలలలో ఈ వైద్యమును ఒక్క కాసైన పుచ్చుకొనక చేయవలెనని శాసించినది. "ఇల్లులేనివారు" అను మాట శాసనములో పొరబాటున పడినది కాదు. పేదవానికిని, వీధివానికిని భేదము కలదనియు, పేదవానికి చేరునది సైతము వీధివానికి చేరదనియు ఎరిగియే దానిని వేరుగ వ్రాసిరి. కార్డు అడుగవద్దని చట్టము చెప్పుచుండగా, ఫోను అడుగుట ఏ న్యాయము? మా వాదమంతయు ఈ యొక్క ప్రశ్నలో నున్నది.

తెరమీది వైద్యునకును, వీధిలోని రోగికిని నడుమ ఎన్ని ద్వారములు మూసియున్నవో పాఠకులు ఒకమారు లెక్కపెట్టుకొందురుగాక. మొదటిది ఫోను. అది చేతికి దొరకినను వీధిలో నిదురించువాని చెంత ఎన్నిదినములు నిలుచును? దొంగిలింపబడును, వానకు తడియును, ఆకలివేసిననాడు అమ్ముడుపోవును. రెండవది సిమ్ కార్డు. దానిని కొనవలెనన్న ఎవరవో, ఎచ్చటివాడవో రుజువుచేయవలెను. మూడవది నమోదు. ఈ-సంజీవని యను ప్రభుత్వ దూరవైద్యములో రోగి తానుగా వైద్యుని పిలువవలెనన్న మొదట తన మొబైలు సంఖ్యను చెప్పి, దానికి వచ్చు ఓటీపీని తిరుగ చెప్పవలెను. నాలుగవది విద్యుత్తు. ఫోనునకు మేత విద్యుత్తు. వీధివానికి గోడయే లేదు, గోడలోని ప్లగ్గెక్కడిది? అయిదవది ఏకాంతము. నలుగురు నడచు ప్లాట్‌ఫారముపై నిలిచి తన మనస్సులోని పుండును విప్పి చూపుట ఎవరికి సాధ్యము? చికిత్సలోని రహస్యమును కాపాడుట రోగి హక్కని అదే చట్టము 23వ సెక్షనున చెప్పినది. తలుపులేని చోట రహస్యమెట్లు నిలుచును?

ఆరవ ద్వారము వ్యాధియే. కనబడని గొంతులు చెవిలో మాటలాడుట కొన్ని మనోవ్యాధులకు ముఖ్యలక్షణము. అట్టి గొంతులచేత ఏండ్లతరబడి హింసింపబడినవాని చేతికి ఒక పెట్టెను ఇచ్చి, అందుండి కనబడని మరియొక గొంతును వినుమనినచో వాడు భయపడి దానిని విసరివేయుటలో వింత యేమున్నది? వాని ప్రక్కన, వాడెరిగిన మనుష్యుడొకడు కూర్చుండి, "ఈమె వైద్యురాలు, నేనును ఆమెతో మాటలాడితిని, భయపడకుము" అని చెప్పువరకు ఆ తెర వానికి వైద్యము కాదు, వ్యాధిలో ఒక భాగము.

మరియు 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీని వెలువడిన దూరవైద్య నియమములను చూడుడు. రోగి ఎవరో వైద్యుడు నిర్ధారణ చేసికొనవలెననుచు, పేరు, వయస్సు, చిరునామా, ఈమెయిలు, ఫోను సంఖ్య మున్నగువానిని అందులో పేర్కొనిరి. తగినదని తోచిన మరే గుర్తునైనను పుచ్చుకొనవచ్చునని కూడ అందే కలదు. కాని నడిచెడి పద్ధతిలో మొదటి మాటలే మిగులును, చివరి మాట మరుగునపడును. ఏ ద్వారమును తప్పించుకొని వచ్చినను, ఘట్టకుటీప్రభాత న్యాయముగా, తుదకు నిరాశ్రయుడు చేరునది ఈ చిరునామా యడుగు సుంకపు పాకవద్దకే. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయలేదన్న సామెత మనవారు ఊరక పుట్టించినదా?

ఇచ్చట మాకు రెండు పక్షములవారు ఎదురగుచున్నారు. మొదటి పక్షమువారు అధికారులు, అధికారులవలె ఆలోచించువారు. "సంఖ్య నిచ్చితిమి, అది ఉచితము, అది 24 గంటలును పనిచేయును, లక్షలకొలది పిలుపులు వచ్చినవి, ఇక పిలువనివానికి మేమేమి చేయగలము?" అని వారి వాదము. మేము అడుగునది యిది. వచ్చిన పిలుపులలో వీధినుండి వచ్చినవి ఎన్ని? నిరాశ్రయుల ఆశ్రయగృహములనుండి వచ్చినవి ఎన్ని? వచ్చినవానిని లెక్కించుట సులభము. రాలేనివానిని లెక్కించుటయే ప్రభుత్వధర్మము. బావి త్రవ్వించితిమని పలకమీద వ్రాయించి, చేదయు త్రాడును సంసారులయొద్దనే యుంచినచో, త్రోవనపోవు దాహార్తునకు ఆ బావి అజాగళస్తనము వంటిది.

రెండవ పక్షమువారు దీనికి తలక్రిందులుగ వాదింతురు. "వీధిలోని పిచ్చివానికి తెరయేమిటి, టెలిఫోనేమిటి? పోలీసులు పట్టి బండిలో నెక్కించి ఆసుపత్రిలో చేర్చవలెను, తలుపులు వేయవలెను, ఊరు శుభ్రమగును" అని వీరు చెప్పుదురు. వీరి మాట కొత్తదికాదు. 1912వ సంవత్సరపు లూనసీ చట్టము వీధిలో తిరుగు మతిచలించినవానిని అరెస్టు చేయుటకు పోలీసువానికి అధికారమిచ్చినది. 1987వ సంవత్సరపు చట్టమువలన ఆ మాట "రక్షణలోనికి తీసికొనుట"గా మారినది. 2017వ సంవత్సరపు చట్టము 100వ సెక్షనున ఇంకను స్పష్టముగ చెప్పినది: రక్షణలోనికి తీసికొన్నవానిని 24 గంటలలోపల సమీపమునందలి ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను, ఎట్టి పరిస్థితిలోను పోలీసు లాకప్పులోగాని, జైలులోగాని ఉంచరాదు, వాడు ఇల్లులేనివాడని తేలినచో తప్పిపోయిన మనుష్యుడని ఎఫ్.ఐ.ఆర్. వ్రాసి, వాని కుటుంబమును వెదకుట స్టేషను అధికారి విధి. అరెస్టునుండి రక్షణకు, రక్షణనుండి హక్కునకు ఈ దేశపు శాసనము నూరేండ్లకు పైబడి నడచివచ్చినది. మన రెండవ పక్షమువారు 1912లోనే నిలిచిపోయిరి.

బంధించుటయే వైద్యమను భ్రమ ఎచ్చటికి కొనిపోవునో మనకు తెలియనిది కాదు. 2001వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీని తమిళనాట రామనాథపురము జిల్లా యేర్వాడిలో పాకలలో గొలుసులతో కట్టివేయబడియున్న మనోవ్యాధిగ్రస్తులు నిప్పంటుకొన్నప్పుడు పారిపోలేక 28 మంది దగ్ధమైరి. ఆ బూడిదపైననే సర్వోన్నత న్యాయస్థానము స్వయముగా విచారణ చేపట్టినది. ఆసుపత్రి వలదని మేము చెప్పుటలేదు. ఉద్రేకము మిక్కిలియై తనకుగాని, పరులకుగాని హాని చేయువానికి ఆసుపత్రియే శరణ్యము. కాని ఇల్లులేదనియో, కుటుంబము ఒల్లదనియో ఒకనిని ఆసుపత్రిలోనే ఉంచివేయరాదని చట్టము 19వ సెక్షనున నిషేధించినది. ఆసుపత్రినుండి బయటికి వచ్చిన మరునాడు వానిని చూచువారెవరు? మందు ఇచ్చువారెవరు? మరల నెలకు పరీక్షించువారెవరు? హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోనో, విశాఖపట్టణములోనో ఉన్న పెద్ద ఆసుపత్రికి దూరపు పట్టణపు ఆశ్రయగృహమునుండి నెలనెలకు ఎవరు తోడుపోగలరు? ఇచ్చటనే దూరవైద్యము తన విలువను నిరూపించుకొనగలదు.

ఇది ఊహ కాదు. మదరాసులోని స్కార్ఫ్ అను మనోవ్యాధి పరిశోధన సంస్థవారు 2010వ సంవత్సరమునుండి పుదుక్కోట జిల్లాలో ఒక బస్సును నడిపించిరి. ఆ బస్సులో ఒక గది, ఆ గదిలో ఒక తెర, తెరకు ఆవల మదరాసులో కూర్చున్న మనోవైద్యుడు, బస్సులోనే మందులకొట్టు. రోగి తన గ్రామమునందే బస్సెక్కి, వైద్యునితో మాటలాడి, వ్రాసిన మందు అచ్చటనే పుచ్చుకొని దిగును. గ్రామములో అతనిని ఎరిగిన ఆరోగ్య కార్యకర్తలు తరువాత చూచుకొందురు. దీనియందలి కిటుకు తెరలో లేదు. తలుపున్న గది, తోడున్న మనుష్యుడు, చేతికి వచ్చు మందు, ఈ మూడును తెరతో కలిసి వచ్చినవి. రోగిని ఫోను కొనుక్కొని రమ్మనలేదు. ఫోనే బస్సెక్కి రోగియొద్దకు వచ్చినది. గ్రామమునకు చేసినది వీధికి చేయరాదా?

ఇంకొక లాభము కలదు. అది నిరాశ్రయునికే ప్రత్యేకమైనది. విజయవాడవంటి పెద్ద జంక్షనులో దిగి తిరుగు రోగి ఒరియావాడో, వంగీయుడో, బీహారు పల్లెవాడో కావచ్చును. మన వైద్యుడు ఎంత సమర్థుడైనను, భాష తెలియనిదే మనస్సు నెట్లు పరీక్షింపగలడు? తక్కిన వ్యాధులకు నాడిచూచిన చాలును. మనోవ్యాధికి మాటయే నాడి. తన మాతృభాషలో "నీదే ఊరు?" అని అడిగినప్పుడు ఏండ్లతరబడి మూగయైయున్నవాడు నోరువిప్పి ఊరిపేరు చెప్పవచ్చును. 20 భాషలు గల యేర్పాటు చేతిలోనుండగా, భువనేశ్వరపు వైద్యురాలిని విజయవాడ ఆశ్రయగృహములోని ఒరియా రోగితో తెరమీద కలుపుటకు అడ్డమేమి? ఇట్లే తెలుగువారు ఎందరో దేశమందలి పరపట్టణపు వీధులలో తెలుగుమాట కొరకు చెవియొగ్గియుండవచ్చును. వీధులలో తిరుగు మనోరోగులకు వైద్యముచేసి ఇండ్లకు చేర్చిన సేవకుగాను 2018లో మెగసెసే బహుమతి పొందిన బొంబాయి వైద్యులు భరత్ వాత్వానిగారి జీవితకార్యమే, ఊరు కనుగొని తిరిగి ఇల్లు చేర్చుట సాధ్యమనుటకు సాక్ష్యము.

అయినను దూరవైద్యమును మేము సర్వరోగనివారిణిగ కొనియాడుటలేదు. తెర రక్తపుపోటు చూడలేదు, పుండు కడుగలేదు, క్షయను పట్టలేదు. కొన్ని మనోవ్యాధుల మందులకు మధ్యమధ్య రక్తపరీక్ష తప్పదు. నెలకొకమారు వేయు సూదిమందు నర్సు చేతితో వేయవలసినదే. మొదటి పరీక్ష సాధ్యమైనంతవరకు ముఖాముఖిగనే జరుగవలెను. అన్నిటికిని మించి, తెర ఇల్లు కాజాలదు. వానలో తడియుచున్నవానికి నిద్రమాత్ర వ్రాయుట వైద్యము కాదు, పరిహాసము. కావున దూరవైద్యమును ఆశ్రయమునకు బదులుగ చూపి, "ఫోనిచ్చితిమి, గది యెందుకు?" అనువారిని మేము మొదటి శత్రువులుగ నెంచెదము. ఇది ఆశ్రయముతో జోడింపవలసిన పని. ఆశ్రయమును తప్పించుకొనుటకు సాకు కాదు.

ఇక చేయవలసినది ఏమి? కొత్త చట్టము అక్కరలేదు. ఉన్న చట్టములను, ఉన్న నియమములను ఒకచోట చేర్చిన చాలును. పెద్దపట్టణములలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, రాత్రింబగళ్లు తెరచియుండు ఆశ్రయగృహము ఉండవలెనని 2010లో సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞలిచ్చినది. 2013నుండి జాతీయ పట్టణ జీవనోపాధి పథకము క్రింద అట్టి గృహములకు కేంద్రధనము వచ్చినది. ఆ గృహములే మనకు ద్వారములు. ప్రతి ఆశ్రయగృహములోను తలుపుగల గది యొకటి యుండవలెను. ఆ గదిలో గృహము పేరనే ఫోనును, తెరయు నుండవలెను. వారమునకొక దినము, నియమితమైన వేళకు, సాధ్యమైనంతవరకు ఒకే వైద్యుడు తెరమీదికి రావలెను. ఎందుకనగా పూట కొక క్రొత్త మొగమునకు మనస్సు విప్పువాడెవడును లేడు. స్త్రీల గృహములలో స్త్రీ వైద్యురాలు, స్త్రీ కార్యకర్తయు నుండవలెను.

రెండవది. 2020నాటి దూరవైద్య నియమములలోనే ఆరోగ్య కార్యకర్త రోగిప్రక్కన నుండి వైద్యుని పిలువవచ్చుననియు, నర్సు మొదలైనవారేగాక తగిన అధికారి నియమించిన మరే ఆరోగ్య కార్యకర్తయైనను ఆ పని చేయవచ్చుననియు కలదు. ఇది మూయని ద్వారము. ఆశ్రయగృహములోని సేవకులలో ఒకరికి శిక్షణయిచ్చి, జిల్లా అధికారులు ఒక ఉత్తరువుతో అట్టి కార్యకర్తగ నియమించినచో అడ్డు తొలగును. ఒక సంతకముతో నగు పనికి సంవత్సరములు కాచుకొనుట ఎందులకు?

మూడవది. గుర్తింపు విషయము. ఆశ్రయగృహపు చిరునామాయే రోగి చిరునామాగ పుచ్చుకొనవలెను. పేరు తెలియనివానికి గృహపు పుస్తకములోని వరుససంఖ్యయు, ఫొటోయు చాలునని స్పష్టముగ ఉత్తరువు వేయవలెను. ఆధార్ లేదనిగాని, ఓటీపీ రాలేదనిగాని ఒక్కరిని సైతము త్రిప్పిపంపరాదు. తగిన మరే గుర్తునైనను పుచ్చుకొనవచ్చునని నియమము ఒప్పుచుండగా దానిని అమలుచేయుటకు జంకనేల?

నాలుగవది మందు. వైద్యుడు తెరమీద వ్రాసిన మందు కాగితముగ మిగిలినచో ఈ శ్రమయంతయు బూడిదలో పోసిన పన్నీరు. ప్రభుత్వము ప్రకటించిన ముఖ్యమైన మానసికౌషధములు ప్రభుత్వ వైద్యశాలలలో సర్వకాలములయందును ఉచితముగ దొరకవలెనని చట్టము 18వ సెక్షను 10వ ఉపవిభాగమున కలదు. హైదరాబాదునందలి బస్తీ దవాఖానాలలోను, ఆంధ్రపట్టణములలోని పట్టణ ఆరోగ్యకేంద్రములలోను ఆ మందులు నిండుగనుండి, ఆశ్రయగృహమునకు వారమునకొకమారు చేరవలెను. అయిదవది లెక్క. ఏ గృహములో ఎందరికి వైద్యము మొదలైనది, ఎందరు మానివేసిరి, ఎందరు తిరిగి ఇల్లుచేరిరి అను మూడు అంకెలను, పేర్లు బయటపెట్టక, ప్రతి మున్సిపాలిటీయు మూడు నెలలకొకమారు ప్రకటింపవలెను. పిలుపుల సంఖ్య మాకక్కరలేదు. కోలుకొన్నవారి సంఖ్య కావలెను.

దీనిపై వచ్చు ఆక్షేపణలు మాకు తెలియనివి కావు. ఖర్చందురు. గదియు, తెరయు, శిక్షణపొందిన ఒక మనుష్యుడును ఏ మున్సిపాలిటీని దివాలా తీయింపవు. ఒక్క రోగిని మాటిమాటికి ఆసుపత్రికిని, స్టేషనునకును, మరల వీధికిని త్రిప్పుటకు అగు ఖర్చు ఎవరును లెక్కవేయకున్నారు గనుకనే అది ఖర్చుగ తోచుటలేదు. "వారు ఒప్పుకొనరు" అందురు. మనోవ్యాధి యున్నంతమాత్రమున ఒకనికి తన వైద్యమును గూర్చి నిర్ణయించుకొను శక్తి లేదని తలంపరాదని చట్టము చెప్పుచున్నది. ఒప్పుకొననివాడు నేడు ఒప్పుకొనకపోవచ్చును. తోడున్న మనుష్యుడు రేపును, ఎల్లుండియు అడుగవలెను, అన్నముపెట్టి అడుగవలెను. బలవంతమునకు ఇచ్చట తావులేదు. తెర పేర నిఘా ఎంతమాత్రము పనికిరాదు. ఆ గదిలో పలికిన మాట పోలీసు పుస్తకములోనికి ఎక్కినచో, ఆ దినముననే ఆ గది పాడుపడును.

ప్రభుత్వము చేయవలసినది చెప్పితిమి. పఠనమందిరములో ఈ పత్రిక చదువు పట్టణవాసులకును ఒక మాట. కలకత్తాలో 2007లో వెలసిన ఈశ్వర సంకల్ప అను సంస్థవారు వీధిలోని మనోరోగులకు వీధిలోనే వైద్యము చేయుచు, ఆ రోగికి నిత్యము కనబడు టీకొట్టువానినో, చిల్లర దుకాణదారునో సంరక్షకునిగ చేసికొనిరి. టీతోపాటు మాత్రయు వాడే ఇచ్చును. వైద్యపట్టములేని టీకొట్టువాడు చేసిన పని బి.ఏ.లు, బి.ఎల్.లు చదివిన మనము చేయలేమా? మీ వీధి చివర ఒకడు నెలలతరబడి ఒకే గోడప్రక్కన కూర్చుండియుండును. వాని మొగము మీరెరుగుదురు, వాని పేరెరుగరు. మీ చేతిలోని ఫోనుతో 14416 నకు పిలిచి ఏమి చేయవలెనో మీరే అడుగవచ్చును. వానికి ఆపద కలదని తోచినచో స్టేషను అధికారియొద్దకు పోయి 100వ సెక్షను క్రింద రక్షణ కోరవచ్చును. లాకప్పు కూడదని ఆ సెక్షనుచేతనే చెప్పవచ్చును. ఒంటరిగ పోజాలనివారు నలుగురు కలిసి పొండు. తోడుగ ఒక న్యాయవాదిని తీసికొనిపొండు. మనోవ్యాధిగ్రస్తునకు ఉచిత న్యాయసహాయము 27వ సెక్షనున హక్కుగ నున్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ తలుపులు ప్రతిజిల్లాలోను కలవు. వృత్తిసోదరులతో మేము చెప్పునది ఒకటే: పొలముగట్టు తగాదాకు పది వాయిదాలు తిరుగు మనము, నోరులేని కక్షిదారుకొరకు ఒక్కమారు స్టేషనుమెట్లెక్కుట వృత్తికి చిన్నతనము కాదు.

మున్సిపల్ సభ్యులను ఓటర్లు అడుగవలసిన ప్రశ్నలును కొన్ని కలవు. మన పట్టణములో ఆశ్రయగృహములు జనాభాకు తగినన్ని కలవా? ఉన్నవానిలో తలుపుగల గది ఉన్నదా? అందులో వైద్యుని పిలుచుటకు ఫోనున్నదా? పిలిచినప్పుడు మందు వచ్చుచున్నదా? రోడ్డు, కాలువ, దీపము అడిగినట్లే ఇవియు అడుగుడు. అడుగువారు లేని హక్కు పుస్తకములోనే చెదలుపట్టును.

విజ్ఞానము తన పని తాను చేసినది. నూరు కోసుల దూరమునందలి వైద్యుని మొగమును అరచేతిలో చూపించుచున్నది. శాసనము తన పని తాను చేసినది. ఇల్లులేనివాని పేరుపెట్టి మరీ హక్కునిచ్చినది. ఈ రెండింటిని కలుపు చివరి పది అడుగులు మాత్రము మిగిలియున్నవి. ఆ పది అడుగులు యంత్రము నడువదు, చట్టపుస్తకము నడువదు. మనుష్యుడు నడచిపోయి, రోగి చేయిపట్టి, తలుపుగల గదిలోనికి తీసికొనివచ్చి తెరముందు కూర్చుండబెట్టవలెను. ఆ మనుష్యుని నియమించుట ప్రభుత్వమువారి విధి. నియమించువరకు నిదురింపనీయకుండుట మన విధి.